సీటు వెనక ట్యాంకు పెట్టనన్న ఉస్తాద్

పోయిన మంగళవారం పొద్దున నా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని ఒకావిడకి రివర్స్ నేర్పుతున్నాను. ఫోన్ మోగింది. ఉస్తాద్ కొడుకు. "నాన్న పోయిండన్నా, పొద్దుగాల ఆరింటికి" అన్నాడు. ఈలోగా ఆవిడ క్లచ్ వదిలేసింది, కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. నాకు ముందు ఏడుపు రాలేదండీ. హమ్మయ్య అనిపించింది. ఇక ఆ ప్రశ్న అడిగే మనిషి లేడు అనిపించింది. చచ్చిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయకూడదని నాకూ తెలుసు. కానీ ఆయన గురించి తియ్యగా రాస్తే ఆయనే లేచొచ్చి కాగితం చింపేస్తాడు.

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే రోడ్డులో ఆయన రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. గుట్టలూ రాళ్ళూ ఎక్కే జీపులకి పెట్రోల్ ట్యాంకు ఎక్కడ ఉండాలో చూసి, కొత్తగా చేసి బిగించడం ఆయన పని. సినిమాల్లో దొర్లే జీపులు, జూబ్లీహిల్స్ కుర్రాళ్ళు ఆదివారాలు బురదలోకి తోలే జీపులు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. పాత జీపుల్లో ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కింద ఉంటుంది. ఆయన మొదట చేసే పని దాన్ని పీకి అవతల పారేయడం. కొత్తది ఛాసిస్ రెండు పట్టాల మధ్య, వెనక ఇరుసుకి కాస్త ముందు, కింద మందపాటి ఇనుప రేకు కాపలా పెట్టి కూర్చోబెట్టేవాడు. గాలి గొట్టాన్ని పైదాకా లాక్కెళ్ళేవాడు, బండి పల్టీ కొట్టినా చుక్క కారకూడదని. "కనవడే ట్యాంకు నిప్పుకు గూడ కనవడ్తది" అనేవాడు.

నేను అప్పట్లో స్టంట్ డ్రైవర్ని. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, ఫైట్ మాస్టర్ల వెనక తిరుగుతూ, హీరోల బదులు బళ్ళు దొర్లించేవాణ్ణి. మొదటిసారి షెడ్డుకి వెళ్ళినప్పుడు పేరు చెప్పబోయాను.

"పేరు నాకెందుకు? ఎంత తూగుతవ్ అది చెప్పు."

"డెబ్బైరెండండీ."

డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కదా, ఆ బరువుకి సరిపడా ట్యాంకుని ఎడమకి జరిపేవాడు. ఎంత జరపాలో నా కిలోలే చెప్పేవి. అంతే, ఆ రోజు నుంచి నేను ఆయనకి డెబ్బైరెండు. మధ్యలో లావెక్కాను, చిక్కాను, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. అయినా "ఏయ్ డెబ్బైరెండు, జర ఆ పానా ఇయ్యి" అనే పిలిచేవాడు. నాకు ఒళ్ళు మండేది.

నోరు మాత్రం నోరు కాదు. ఒకసారి జూబ్లీహిల్స్ కుర్రాడొకడు వచ్చి, జీపు వెనక బయటికి కనపడేలా మెరిసే ట్యాంకు కావాలన్నాడు, ఫోటోల్లో బాగుంటుందట. ఉస్తాద్ వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, "ఎన్కకెళ్ళి లారీ గుద్దితె కట్టెలు గిట్ట కొనే పని లేదు మీ అమ్మానాయ్నకు, మంచిగనే సోంచాయించినవ్" అన్నాడు. పక్కనే వాళ్ళమ్మ కూడా ఉంది. ఆవిడ మొహం తెల్లబోయింది. ఈయన వెనక్కి తిరిగి పని చేసుకుంటూ, "పెట్రోల్‌కు మొహమాటం ఉండదమ్మా, నాకెందుకుండాలె" అన్నాడు. ఆ కుర్రాడు ట్యాంకు లోపలే పెట్టించుకున్నాడనుకోండి.

ట్యాంకు బిగించాక ప్రతి అతుకు దగ్గరా ముక్కు పెట్టి వాసన చూసేవాడు. ఆ రోజు పచ్చి ఉల్లిపాయ ముట్టడు. షెడ్డులో అగరుబత్తి లేదు. దసరాకి పానాలకీ సుత్తులకీ పూజ చేస్తే, కర్పూరం మాత్రం రోడ్డు అవతల వెలిగించి అక్కడినుంచే చూపించేవాడు. దేవుడు కూడా ఆయన మాట వినాల్సిందే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది.

నాకొక పెద్ద షాటు వచ్చింది. ఊరి బయట రాళ్ళ క్వారీలో జీపు వాలులో దిగి, పక్కకి పడి, జారుకుంటూ ఆగాలి. నా ఒక్కడికే మూడు కెమెరాలు. జీపు ఉస్తాద్ చేసిందే. తీరా అక్కడికెళ్ళాక కెమెరా వాళ్ళు, ఒకటి బండి పొట్ట కింద పెట్టాలి, ట్యాంకు అడ్డొస్తోంది, తీసేసి చిన్నది సీటు వెనక పెట్టండి అన్నారు. ఉస్తాద్ కుదరదన్నాడు. ఫైట్ మాస్టర్ నా వైపు తిరిగి "నీకేమైనా ఇబ్బందా?" అని అడిగాడు. నేను "నాకేం ఫర్వాలేదండీ" అన్నాను. ఏం చెయ్యను, అలాంటి షాటు కోసం ఆరేళ్ళు తిరిగాను.

ఉస్తాద్ నా వైపు చూడను కూడా చూడలేదు. జీపు కిందికి దూరాడు. అరగంట పట్టింది. ట్యాంకు ఊడదీసి భుజాన వేసుకుని బయటికొచ్చి, అందరూ వినేలా, "డెబ్బైరెండు కిలోలు గాల్తె వాసన మీకే వస్తది, నాకొద్దు" అని వెళ్ళిపోయాడు. షాటు ఆగిపోయింది. నేను ఉస్తాద్ మనిషినని, మేమిద్దరం కూడబలుక్కున్నామని మాస్టర్ నన్ను తీసేశాడు. ఆ తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు. ఆయన్ని అప్పుడు ఎంత తిట్టుకున్నానో ఇక్కడ రాయలేను.

వారం తిరక్కుండా వేరే షెడ్డులో అదే జీపుకి సీటు వెనక ట్యాంకు పెట్టించారు. షాటు యాదగిరికి ఇచ్చారు. యాదగిరి నా రూమ్మేటు. ఒకే కంచంలో తిన్నవాళ్ళం. షూటింగ్ రోజు పొద్దున్నే వాడు వెళ్ళిపోయాక ఉస్తాద్ ఫోన్ చేశాడు.

"నన్ను గేటు కాణ్ణే ఆపిండ్రు. యాదగిరి నా ఫోన్ ఎత్తుతలేడు, ఎత్తొద్దన్నరంట. నువ్వు చెయ్. నీ మాటింటడు. పక్కకు వడితె మూత కాడికెళ్ళి కారుతది, సీదా వాని మీదనే. చెప్పు వానికి."

"సరే ఉస్తాద్" అన్నాను.

చెయ్యలేదు.

యాదగిరికి ఏదో కావాలని కోరుకున్నానా అంటే, లేదు. మరెందుకు చెయ్యలేదు? ఫోన్ చేస్తే వాడు ఆగిపోతాడు. వాడు ఆగిపోతే ఉస్తాద్ మాట నెగ్గుతుంది. ఆ ఒక్కరోజుకి ఆయన మాట నెగ్గకూడదనుకున్నాను. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. ఇడ్లీ తిన్నాను, బట్టలు ఉతుక్కున్నాను.

జీపు పక్కకి పడింది. మూత దగ్గర నుంచి పెట్రోల్ కారి అంటుకుంది. సీటు బెల్టు విప్పుకునేదాకా వాడు ఆ మంటలోనే ఉన్నాడు. రెండు చేతులూ, మెడా, ఒక చెవీ కాలిపోయాయి. ప్రాణం మిగిలింది.

మర్నాడు ఉస్తాద్ మా గదికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఫోన్ చేసినవా?"

"చేశానండీ. ఎత్తలేదు."

"తే నీ ఫోన్."

తీసుకుని చూశాడు. అందులో ఆ రోజు యాదగిరికి చేసిన కాల్ ఒక్కటీ లేదు. ఫోన్ చాప మీద పెట్టాడు. కొడతాడనుకున్నాను, కొడితే బావుండేది. "వాడు బతికిండు. బతికినోనికి చెప్పాలె. నేను చెప్త అనుకోకు, నీ నోటితోనే చెప్పాలె" అన్నాడు.

తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే మాట. "చెప్పినవా?" నేను షేక్‌పేటలో డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నాక, కారు ట్యాంకు కారుతుంటే ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను. శుభ్రంగా బాగుచేసి, తాళంచెవి ఇస్తూ "చెప్పినవా?" అన్నాడు. "లేదు ఉస్తాద్." "అయితె నడువ్." చాయ్ వచ్చే వేళ, అందరికీ ఇచ్చాడు, నాకు తప్ప. నా కొడుకు అన్నప్రాశనకి వచ్చి, వాడి చేతిలో వెండి గిన్నె పెట్టి, నా చెవిలో అదే అడిగాడు. రాక్షసుడని మా ఆవిడ దగ్గర తిట్టాను. ఎందుకు తిడుతున్నానో ఆవిడకీ చెప్పలేదు.

యాదగిరి పట్ల కూడా ఆయనేమీ సుకుమారంగా లేడు. వార్డు నుంచి వచ్చిన కొన్నాళ్ళకే వాణ్ణి షెడ్డుకి పిలిపించి స్టూలు మీద కూర్చోబెట్టాడు. అప్పటికే ఈయన ముక్కు పనిచెయ్యడం మానేసింది. ఒక జ్వరం తర్వాత పోయిన వాసన మళ్ళీ రాలేదు. "చేతులు పనిచెయ్యకుంటె ఏమైంది, ముక్కున్నది గదా. పెట్రోల్ వాసన అందరికన్న ముందు నీకే తెలుస్తది" అన్నాడట. కాలినవాడితో అనే మాటేనా అది! మొదటి రోజు యాదగిరి వాంతి చేసుకున్నాడు. రెండో రోజు కూడా. మూడో రోజు ఒక అతుకు దగ్గర తల పెట్టి, "ఉస్తాద్, ఈడ కారుతున్నది" అన్నాడు. నిజంగానే కారుతోంది. ఆ తర్వాత ఆ షెడ్డులోంచి యాదగిరి ముక్కు దాటకుండా ఒక్క ట్యాంకూ బయటికి పోలేదు.

నేను వెళ్ళినప్పుడల్లా యాదగిరి ఎదుటే ఉస్తాద్ "చెప్పినవా?" అనేవాడు. వాడు ఒకరోజు నవ్వుతూ, "ఏం చెప్పాల్నన్నా?" అని నన్నే అడిగాడు. "ఏం లేదురా, స్కూలు సంగతి" అన్నాను. ఉస్తాద్ చేతిలో పానా కిందపడింది. వంగి తీసుకుని పనిలో పడ్డాడు.

ఆఖరుసారి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చూశాను. ఊపిరి అందక, మూడు మాటలకి ఒకసారి ఆగుతున్నాడు. కమలాపళ్ళు పట్టుకెళ్ళాను. వాటి వైపు చూడలేదు. "చెప్..." అన్నాడు, దగ్గొచ్చింది, మళ్ళీ "చెప్పినవా?" అన్నాడు. చెప్పేశానని అబద్ధమాడితే ఆ మనిషి ప్రశాంతంగా పోయేవాడేమో. నాకు నోరు రాలేదు. "లేదు ఉస్తాద్." కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగాడు. నన్ను ఇన్నేళ్ళూ ఊరికే వదిలెయ్యని మనిషి ఆయనొక్కడే. అమ్మా నాన్నా పెళ్ళాం అందరూ మంచివాడివన్నారు, ఆయన అనలేదు. ఇవాళ ఆయనకి దండం పెట్టేది అందుకే.

శ్మశానానికి చాలామందే వచ్చారు. కట్టెలు పేర్చడం మొదలవగానే యాదగిరి లేచి గేటు బయటికి వెళ్ళిపోయాడు. మంట ఉన్నచోట వాడు నిలబడలేడు. నేనూ వెళ్ళి గోడ పక్కన వాడి దగ్గర కూర్చున్నాను. లోపల ఎవరో పేరు పెట్టి ఏడుస్తున్నారు. చెప్పేశాను. ఫోన్ వచ్చిందని, నేను చెయ్యలేదని, ఎందుకు చెయ్యలేదో అది కూడా.

యాదగిరి గేటు వైపే చూస్తున్నాడు.

"నాకెర్కనే అన్నా."

"ఎప్పట్నుంచి?"

"వార్డుల నాకు సోయొచ్చినంక మా అమ్మ చెప్పింది. ఏమైందో చెప్పుమని ఆమె ఉస్తాద్ కాళ్ళు పట్టుకోని అడిగిందంట. నిన్ను అడుగుతనని నేను లేస్తె ఆయననే ఆపిండు. అడగకురా, వాని నోటితోనే రావాలె, జర ఆగు అన్నడు. ఆగిన."

వాడే మళ్ళీ అన్నాడు, కోపం లేదు గొంతులో, అది ఉన్నా బావుండేది.

"ఆయన పోయినంక చెప్పినవ్ సూడు. ఆయన ఇంటుండంగ చెప్తె ఏం పోతుండె నీది?"

లోపలి నుంచి పొగ గోడ దాటి మా వైపు వచ్చింది. యాదగిరి ముక్కు పక్కకి తిప్పుకున్నాడు. కాళ్ళ దగ్గరున్న నీళ్ళ సీసాని రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తి నా వైపు చాపాడు, వాడి వేళ్ళకి మూత తిరగదు. తీసి ఇచ్చాను. తల వెనక్కి వాల్చి మెల్లగా తాగుతున్నాడు. మూత పట్టుకుని, వాడు తాగడం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.