నీమా గొంతులో ఇంకొకరు

2022లో విజయనగరం శివార్లలో ఒక విశ్వవిద్యాలయంలో పనిచేసేదాన్ని. పీజీ చదవడానికి వచ్చే విదేశీ విద్యార్థుల ఇంగ్లీషును అంచనా వేసి, అవసరమైనవాళ్లకు పాఠాలు చెప్పడం నా పని. మొదటి వారంలోనే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతాం. ఎవరికి ఎంత సాయం కావాలో అందులో తేలుతుంది.

ఆ ఏడు టాంజానియా నుంచి నీమా వచ్చింది, వ్యవసాయ శాస్త్రం చదవడానికి. స్పీకింగ్ టెస్టులో రెండు ప్రశ్నలకు తడబడుతూ జవాబిచ్చింది. మూడోది ఇంటి గురించి. ఉన్నట్టుండి గొంతు బొంగురుపోయింది. వయసు మీరిన మనిషిలా, నడుమ దగ్గుతూ, తడుముకోకుండా మాట్లాడింది.

మర్నాడు రికార్డింగ్ విని ల్యాబ్ టెక్నీషియన్ అప్పలనాయుడు హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"ఏటి మేడమ్, గదిలోన ఇంకో మనిసి ఉన్నారేటి?"

"లేరు. నేనే ఎదురుగా కూర్చున్నాను."

"మరి ఇద్దరి గొంతులు ఇనపడతన్నాయి."

డిపార్ట్‌మెంట్ వాళ్లు ఒకరి బదులు ఇంకొకరు పరీక్షకు కూర్చున్నారన్నారు. సీటు రద్దుచేస్తామన్నారు. మళ్లీ పరీక్షిద్దామని నేను పట్టుబట్టాను.

ఈసారి డిపార్ట్‌మెంట్ హెడ్ కూడా పక్కనే ఉన్నారు. ఇంటి గురించి అడగ్గానే మళ్లీ ఆ గొంతే.

"కిటికీ పక్కన నా మంచం. జ్వరం తగ్గాక నీమాని బడికి తీసుకెళ్తాను."

మెల్లగా అడిగాను, "నీమా ఎవరు?"

"నా చెల్లెలు."

అనేసి, తన మాట తనకే వినపడినట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపించింది. అదే గొంతు, అదే దగ్గు. ఆమె అక్క ఆసుపత్రి మంచం మీంచి రోజూ మెసేజీల్లో ఇంగ్లీషు నేర్పిందట. నీమా ఇక్కడికి వచ్చే ముందే ఆ అక్క చనిపోయింది. "భయమేస్తే నా మాటలు పోతాయి. అక్క మాటలే వస్తాయి," అంది.

హెడ్ ఆమె సీటు రద్దు చెయ్యలేదు. నీమా నా సపోర్ట్ క్లాసులో చేరింది. ఆ మెసేజీలన్నీ ఇద్దరం కూర్చుని విన్నాం. ఒక్కోదానికి తన మాటల్లో బదులు రికార్డు చెయ్యమన్నాను. పరీక్షలో ఆ గొంతు అన్న మిగతా మాటలన్నీ వాటిలో దొరికాయి. కానీ "నా చెల్లెలు" అన్న ఆ జవాబు మాత్రం వాటిలో ఎక్కడా లేదు.

సెమిస్టర్ చివర మళ్లీ టెస్ట్ పెట్టాను. ఇంటి గురించి తన గొంతుతోనే చెప్పింది, ఆగి ఆగి, తప్పులతో. మొదటిసారి కంటే మార్కులు తక్కువే వేయాల్సి వచ్చింది. కాగితం చూసుకుని, "ఇవి నావి మేడమ్," అంది.

అనర్గళంగా మాట్లాడేవాళ్లకు సాయం అక్కర్లేదని అంతవరకూ అనుకునేదాన్ని.