పెద్దనాన్న ఫోటోల్లో ఇత్తడి చెంబు

మన సులోచన ప్రపంచమంతా చుట్టి వచ్చి, మన బడి గ్రూపులో మూడు వందల ఫోటోలు పెట్టింది. అన్నిట్లోనూ నడిమధ్య తనే. వెనకున్నది పిరమిడ్డో, అశోక్‌నగర్‌లో కడుతున్న అపార్ట్‌మెంటో నాకైతే తెలియడం లేదు.

చిక్కడపల్లి పిల్లలూ, మా పెద్దనాన్న గుర్తున్నాడా? నాలుగు నెలలు దేశాలు తిరిగొచ్చి, మా వాకిట్లో తెల్ల ధోవతి కట్టి దాని మీద స్లైడ్లు చూపించాడు. ప్రొజెక్టర్ వేడికి దుమ్ము కాలిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆయన మాత్రం ఒక్క ఫోటోలోనూ లేడు.

“ఇవన్నీ కోఠి బజార్ల కొన్నట్టున్నడు,” అన్నారెవరో వెనక నుంచి. వాకిలంతా నవ్వింది. నేనూ ఊరుకోలేదు. “పెద్దనాన్నా, నువ్వేడున్నవ్?” అని అడిగేశాను.

“తీసేటోడు ఫోటోల ఎట్లుంటడు బిడ్డా?” అన్నాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఆయన ముఖం చిన్నబోయింది.

అప్పుడు పెద్దమ్మ లేచి తెర దగ్గరికి వెళ్లింది. మంచుకొండ ముందున్న పిట్టగోడ మీద ఓ సొట్టపోయిన ఇత్తడి చెంబు ఉంది.

“ఇది నా చెంబు! నాలుగు నెలల సంది ఇల్లంతా దేవులాడుతున్న. పాపం, పనామె మీద అనుమానపడ్డ!”

కెమెరా రెండు చేతులా పట్టుకోవాలని నీళ్ల చెంబు పక్కన పెట్టేవాడట. స్లైడ్లన్నీ మళ్లీ వేయించి వెతికితే ప్రతి ఊళ్లోనూ దొరికింది. ఆ తర్వాత ఎవరూ కోఠి పేరెత్తలేదు.

సులోచనా, ఎవరి ఫోటోలోనైనా మన ముఖాలు అతికించడం మా మనవరాలికి కూడా వచ్చు. మీ ఇంట్లో ఏ వస్తువు కనబడకుండా పోయిందో మీ ఆయన్ని అడిగాకే లైకు కొడతాను.