కుల్సుం టీచరు లైట్ల పెట్టె

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్కనున్న బాల్వాడీలో కుల్సుం టీచరుగా చేరి ఆరేళ్లయింది. క్వారీ కూలీల పిల్లలు ఇరవై ఎనిమిది మంది. పక్కనే కంకర మిల్లు ఆడుతుంటే, ఆ మోతను మించి అరిస్తే తప్ప వాళ్లకు వినపడదు. ఆటలోంచి పాటకు రమ్మని, పాట ఆపి పలక పట్టమని, అన్నానికి కూర్చోమని రోజంతా అరుపులే. 1986 వానాకాలంలో ఆమె గొంతు పూర్తిగా పోయింది. నరసరావుపేట డాక్టరు మూడు నెలలు ఒక్క మాటా మాట్లాడొద్దన్నాడు.

చప్పట్లు కొట్టి చూసింది. పిల్లల చేతులు పట్టుకుని లాగింది. ఏదీ పనిచేయలేదు. నాలుగేళ్ల నాంచారమ్మయితే, ఆడుకునే చెక్కముక్కలు తీసేయగానే నేలమీద పడి ఏడుస్తూ పొర్లేది.

లారీలకు వైరింగ్ చేసే నాగూర్ వలి ఒకరోజు కూతుర్ని దిగబెట్టడానికి వచ్చి ఆ ఏడుపు చూశాడు. కుల్సుం పలక మీద "రేపట్నుంచి రాను" అని రాసి చూపించింది.

"అదేందక్కా," అన్నాడతను. "లారీ ఎటు తిరిగేదీ ఎనకొచ్చేవాడికి డ్రైవరు అరిచి చెబుతాడా? ముందే లైటేస్తాడు. అది చూసి వాడు సర్దుకుంటాడు. పిల్లకాయలకీ అట్టా చెబుదాం."

నాలుగు రోజుల్లో ఒక చెక్కపెట్టె చేసుకొచ్చాడు. దానికి నాలుగు అద్దాలు, ఒక్కో అద్దం వెనక ఇండికేటర్ బల్బు, కింద పాత లారీ బ్యాటరీ. కుల్సుం పల్చటి కాగితాల మీద బంతి, డోలు, పలక, కంచం గీసి అద్దాలకు అంటించింది. బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంటే ఆ పనికి వేళవుతోందని, నిలకడగా వెలిగితే లేవాలని గుర్తు.

మొదటి రోజు పిల్లలంతా పెట్టె చుట్టూ మూగారే గానీ ఒక్కరూ కదల్లేదు. వారమంతా ఆమె ఓపిగ్గా బొమ్మ చూపించి తానే ముందు నడిచేది. ఆ శనివారం కంచం బొమ్మ మిణుకుమంది. నాంచారమ్మ తలెత్తి చూసి, గబగబా ఇంకో రెండు చెక్కలు పేర్చింది. లైటు నిలవగానే తనంతట తానే లేచి, చెక్కలు బుట్టలో వేసి, వెళ్లి అన్నాల వరసలో కూర్చుంది. కుల్సుం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్లు తడిశాయి.

చలికాలానికి గొంతు బొంగురుగా తిరిగొచ్చింది. ఆమె నేరుగా నాగూర్ వలి షెడ్డుకు వెళ్లింది.

"తమ్ముడూ, నీ వల్లే నా పని నిలబడింది. నమాజులో రోజూ నీకోసం దువా చేస్తున్నా."

అతను సిగ్గుపడి చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "దానికేంలే అక్కా. బల్బులేమన్నా మాడినయ్యా?"

"కంచంది మాడింది," అందామె నవ్వుతూ.