సోహార్‌లో మాల్టు కాచిన శుక్రవారం

మొన్న శుక్రవారం పొద్దున మస్కట్ పక్కన సీబ్‌లో మేము ఖాళీ చేస్తున్న ఇంటి హాల్లో ఉన్నవాళ్లు: నేను, మా ఆవిడ, మా మూడేళ్ల పాప, సామాన్లు మోయడానికి వచ్చిన ఇద్దరు మనుషులు. ఉన్నవి: మూతలకు టేపు వేసిన అట్టపెట్టెలు, విప్పిన మంచం, తలుపుకు తాడు కట్టిన ఫ్రిజ్, పాప సైకిలు, సైట్లలో తాగే నీళ్లకు వాడే నారింజ రంగు డ్రమ్ము ఒకటి, నలభై లీటర్ల స్టీలు గిన్నె ఒకటి, స్ప్రింగులా చుట్టిన రాగి గొట్టం ఒకటి. ఈ ఆఖరి మూడూ మా పెళ్లయిన నాటి నుంచి అటక దిగలేదు. మోసే మనిషి రాగి గొట్టాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "సాబ్, యే భీ జాయేగా క్యా?" అని అడిగాడు. అది పాత ఏసీదేమో అనుకుంది మా ఆవిడ. ఏసీది కాదు గానీ చల్లబరచడానికే కొన్నానని చెప్పి, మిగతాది చెప్పకుండా బాల్కనీలోకి వెళ్లాను, మళ్లీ హాల్లోకి వచ్చాను, మళ్లీ బాల్కనీలోకి వెళ్లాను. ఒకచోట నిలబడలేకపోవడం నాకు కొత్త కాదు. సోహార్‌లో ఉన్నన్నాళ్లూ అలాగే తిరిగాను.

మనలో చాలామందిమి ఇంజనీరింగ్ అవగానే ఏదో ఒక ప్లాంటులో చేరి, చేరిన రోజు నుంచే అందులోంచి ఎప్పుడు బయటపడదామా అని చూసుకున్నవాళ్లమే. నాకూ, హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడికీ ఆ దారి బీరులో కనబడింది. హైదరాబాదులో అక్కడికక్కడే బీరు కాచి పోసే చోట్లు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. జీతాలొచ్చిన వారం మేమూ వెళ్లేవాళ్లం. మిగతావాళ్లు పెద్ద తెర మీద క్రికెట్ చూస్తుంటే మేమిద్దరం మాత్రం అద్దం వెనక మెరిసే స్టీలు ట్యాంకుల్నీ, వాటి వాల్వుల్నీ, థర్మామీటర్లనీ చూస్తూ కూర్చునేవాళ్లం. కెమికల్ చదివాం కాబట్టి ఆ గొట్టాల్లో ఏది ఎటు పోతోందో మాకు తెలుసునన్న గర్వం ఒకటి. చివరికి ఒప్పందం కుదిరింది: జాగా, లైసెన్సు వాడు చూస్తాడు, కాచే పని నేను చూస్తాను. ఈలోగా నాకు సోహార్ పోర్టు పక్కన ఒక ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. రెండేళ్లలో పని నేర్చుకుని, ఏ సామాను కావాలో పక్కాగా తేల్చుకుని వచ్చేస్తానని వాడికి మాటిచ్చి విమానం ఎక్కాను.

బీరు కాచడం నేర్చుకోవడానికి ఒమన్ వెళ్లినవాణ్ని బహుశా నేనొక్కణ్నే అయ్యుంటాను. ఇక్కడ ఇంట్లో కాచడం నేరం. పట్టుబడితే ఉద్యోగమూ వీసా రెండూ పోతాయి. అయితే గీత ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలుసు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, పగలగొట్టి, అరవై ఆరు డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి తీపిగా మారుతుంది. ఆ తీపినీళ్లు వడగట్టి, మరిగించి, చల్లార్చాలి. అక్కడిదాకా అది మాల్టే, పసిపిల్లలకు పట్టినా తప్పులేదు. చల్లారాక ఈస్టు వేస్తేనే బీరయ్యేది. కాబట్టి ఈస్టుకు ముందు వరకు ఇక్కడ నేర్చుకుని, ఆ తర్వాతది హైదరాబాదులో చూసుకోవాలని నిర్ణయించుకున్నాను. డబ్బాలో దొరికే మాల్టు పాకం కలిపి దగ్గరదారిలో కాచేవాళ్లు ఉన్నారు గానీ, మేమిద్దరం మొదటి నుంచీ గింజ నుంచే కాచాలని పట్టుబట్టాం. గింజ నుంచి కాచాలంటే అందుకు తగ్గ సామాను కావాలి.

ఆ సామాను ఎంచడంలోనే నా సాయంత్రాలన్నీ పోయాయి. డ్యూటీ దిగి రూమ్‌కి వచ్చి, బూట్లు విప్పకుండానే ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నడిచేవాణ్ని. మూడు గిన్నెల పద్ధతి మంచిదా, ఒకే గిన్నెలో గుడ్డసంచి వేలాడదీసే పద్ధతి మంచిదా? ఇరవై లీటర్లా, యాభయ్యా? గ్యాసు మీదా, కరెంటు మీదా? వేడి నిలవడానికి మందపు స్టీలా, లోపల ఫోమ్ పొర ఉన్న డ్రమ్మా? ఒకటి ఖాయం చేసుకుని పడుకుంటే తెల్లారేసరికి రెండోది నయమనిపించేది. నాతో రూమ్‌లో ఉన్న జగిత్యాల అన్న మా ప్లాంటులోనే మెకానికల్ ఫోర్‌మన్; నేను నడుస్తుంటే మంచం మీంచి కాళ్లు ముడుచుకుని దారి ఇస్తూ, "తమ్మీ, పెండ్లికి పిల్లను జూసినట్టు జూస్తున్నవ్ గద గిన్నెలను! ఒక్కదానికన్న బొట్టు పెట్టు," అనేవాడు.

పెట్టాను, ఒక్కోదానికి. సైట్లో తాగేనీళ్ల డ్రమ్ములో పొద్దున్నే వేసిన ఐసు మధ్యాహ్నం దాకా నిలుస్తోందంటే, చలిని పట్టి ఉంచేది వేడినీ పట్టి ఉంచుతుందని ఆ నారింజ డ్రమ్ము కొన్నాను. అడుగున గింజ ఆగి నీళ్లు మాత్రం రావడానికి, బాత్‌రూమ్ హ్యాండ్ షవర్ పైపు మీదుండే స్టీలు అల్లికను ఊడదీసి కుళాయికి లోపలివైపు తొడిగాను. కొన్నాళ్లు మా బాత్‌రూమ్‌లో షవర్ లేదు, అన్న తిట్లు మాత్రం ఉన్నాయి. స్టీలు గిన్నె బిర్యానీలు వండేవాళ్లకు సామాన్లమ్మే కొట్లో దొరికింది. రాగి గొట్టం ఏసీలు బాగుచేసే షాపులో కొని, గ్యాస్ సిలిండర్‌కు చుట్టి గుండ్రంగా వంచాను. మరిగిన మాల్టులో దాన్ని ముంచి, ఒక కొస నల్లాకు తగిలిస్తే, లోపల పారే చన్నీళ్లు వేడినంతా లాక్కుని రెండో కొస నుంచి బయటికి పోతాయి. చలిదేశాల్లో ఇళ్లల్లో కాచేవాళ్లు గీసిన బొమ్మ అది. మీటరు మీటరుకూ లెక్కగట్టి, అరగంటలో ఇరవై అయిదు డిగ్రీలకు దిగాలని రాసుకున్నాను.

మాల్టు చేసిన, అంటే ముందే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఇక్కడ దొరకలేదు. పశువుల దాణా అమ్మే కొట్లో మామూలు బార్లీ బస్తాలు మాత్రం ఉన్నాయి. కొట్టాయన ఒమనీ ముసలాయన, హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. "కిత్నా బక్రీ హై తేరా?" అని అడిగాడు. ఒక్క మేకా లేదన్నాను. ఆయన నన్నూ బస్తానూ మార్చి మార్చి చూసి, అయితే ముందు మేకను కొనుక్కో, మా తమ్ముడి దగ్గర మంచివి ఉన్నాయి, బార్లీ తర్వాత తీసుకెళ్దువుగాని అని సలహా ఇచ్చాడు. ఈ సంగతి రూమ్‌లో చెప్పడం నా పొరపాటు. ఆ రోజు నుంచి అన్నకు నేను మేకల సారుని. బార్లీని కడిగి కడిగి నానబోసి, మొలకెత్తడానికి ఏసీ బాగా తగ్గించి పెడితే, అన్న మే నెలలో రెండు దుప్పట్లు కప్పుకుని, "మేకలకు చలి, మాకు గూడ చలి," అని గొణుక్కుంటూ పడుకున్నాడు. మొలకలొచ్చాక గదంతా అప్పుడే కోసిన దోసకాయ వాసన. ఆ గింజల్ని డాబా మీద దుప్పటి పరిచి ఆరబోస్తే సోహార్ ఎండకు చకచకా ఎండి గలగలమన్నాయి.

ఇదంతా జరుగుతుండగా హైదరాబాదులో జాగా దొరికింది. స్నేహితుడి బాబాయికి మెయిన్ రోడ్డు మీద ఒక హాలు ఉంది, ఖాళీ అయింది. చెప్పుల షాపువాళ్లు అడుగుతున్నారు. మాకివ్వాలంటే, కాచే కుర్రాడికి నిజంగా పని వచ్చో రాదో తన కళ్లతో చూడాలన్నాడాయన. ఒక శుక్రవారం వీడియోలో చూపించడానికి ఒప్పుకున్నాను. ఆయనకు నచ్చితే హాలు మాది, నేను ఆ నెలలోనే రాజీనామా ఇచ్చి వెళ్లిపోతాను. అప్పటికి జూన్ వచ్చింది.

ఆ శుక్రవారం ఫోన్‌ను పప్పుల డబ్బాకు ఆనించి పెట్టాను. అవతల స్నేహితుడు, వాడి పక్కన బాబాయి. ఇవతల నేను, స్టూలు మీద అన్న. డ్రమ్ములో అరవై ఆరు డిగ్రీలు గంట తర్వాత చూసినా అరవై అయిదుకు తగ్గలేదు. కుళాయి తిప్పితే మొదట మసకగా, తర్వాత తేటగా, తేనెరంగులో తీపినీళ్లు దిగాయి. అన్న గరిటెతో పట్టి తాగి, "శ్రీరామనవమి పానకం లెక్కనే ఉన్నది రా," అన్నాడు. బాబాయి నవ్వాడు. మరిగించడం కూడా చక్కగా అయింది. రాగి గొట్టం ముంచి, వంటింటి నల్లాకు తగిలించి, థర్మామీటరును ఫోన్‌కు కనబడేలా పట్టుకున్నాను. తొంభై, డెబ్బై, అరవై, యాభై నాలుగు. యాభై. తర్వాత ఎంతసేపు చూసినా నలభై తొమ్మిది.

లోపలికి పోయే పైపు పట్టుకుని చూస్తే చెయ్యి చురుక్కుమంది. నల్లాకు నీళ్లొచ్చే ట్యాంకు డాబా మీద ఉంటుంది, ఆ డాబా మీదే నేను బార్లీ ఎండబెట్టాను. గల్ఫ్‌లో ఒక్క ఎండాకాలం గడిపిన ఎవరికైనా తెలుసు, మే నెల రాగానే మనం గీజర్ స్విచ్ ఆపేస్తాం. అప్పుడు ఏసీ చల్లదనంలో ఉన్న ఆ గీజర్‌లో నిలవున్న నీళ్లే చల్లనివి, ట్యాంకు నుంచి నేరుగా వచ్చేవి సలసలమంటాయి. ఇక్కడ వేసవిలో వేడినీళ్లకని ఎర్ర గుర్తు పెట్టిన నల్లా తిప్పి చన్నీళ్ల స్నానం చేస్తాం. ఆ పొద్దున నేనూ అలాగే చేసి వచ్చాను. బొమ్మలో చన్నీళ్ల నల్లా అని ఉంటే మాత్రం చన్నీళ్ల నల్లాకే తగిలించాను.

"ఏమైంది బాబూ, మీ మిషను ఆగిపోయిందా?" అని బాబాయి అడిగాడు. "బాబాయ్, ఒమన్‌ల నల్లా తిప్పితే చాయ్ నీళ్లే," అని స్నేహితుడు నవ్వాడు. అన్న అప్పటికే పైపు పీకి బాత్‌రూమ్ వైపు పరిగెత్తుతున్నాడు, "నా స్నానం నీళ్లు వోతున్నయ్ గానీ, వట్టు, జల్ది వట్టు," అని అరుస్తూ. గీజర్ నీళ్లకు మాల్టు ముప్పై ఎనిమిదికి దిగింది. అంతలో అవీ అయిపోయి, ట్యాంకు నీళ్లే గీజర్‌లోంచి రావడం మొదలైంది.

నిజానికి అక్కడ ఎవరికీ ఏ బాధా లేదు. మన ఊళ్లో నల్లా నీళ్లు ఇంత కాలవు కదా, కాలినా ఐసు పెడితే పోతుంది కదా అన్నాడు బాబాయి. పిల్లోడికి పని వచ్చు, రమ్మనమని ఫోన్ స్నేహితుడి చేతికిచ్చి లేచి వెళ్లిపోయాడు. అన్న నల్లటి ఎండు నిమ్మకాయలు పగలగొట్టి వేసి, ఐసు కలిపి, పై ఫ్లోర్ వాళ్లను కూడా పిలిచి మాల్టంతా పంచాడు. అందరూ గ్లాసులు పట్టుకుని నవ్వుతుంటే నేను ఒక్కణ్నే గిన్నె చుట్టూ తిరుగుతున్నాను. అరగంటలో ఇరవై అయిదన్నాను, దిగలేదు. నల్లా నీళ్లు ముందు చల్లబడడానికి ఐసు తొట్టిలో ఒక రాగి కాయిల్, తర్వాత మాల్టులో ఇంకో కాయిల్, మధ్యలో చిన్న పంపు ఒకటి పెట్టాలి. అది సరిగ్గా పనిచేశాకే చేతిలో ఉన్న ఉద్యోగం వదలడం న్యాయమనిపించింది.

మర్నాడు స్నేహితుడికి ఇదంతా వివరించడం మొదలుపెట్టాను. వాడు కాసేపు విన్నాడు.

"అరేయ్, నువ్వు పైపుల సంగతి చెప్తున్నవ్, నేను జాగా సంగతి అడుగుతున్న. వస్తున్నవా లేదా?"

"వస్తా రా. ఒక్క నెల ఆగు. రెండో కాయిల్ ఒక్కటి చూసుకుని..."

"నెల ఆగితే బాబాయి చెప్పులోళ్లకు ఇచ్చేస్తడు. గిన్నె లేకుంటే గిన్నె కొందాం, నువ్వు రా ముందు."

నేను రెండో కాయిల్ గురించి మళ్లీ చెప్పాను. వాడు కోప్పడలేదు. తర్వాత కొన్నాళ్లకు వాడే ఫోన్ చేసి, ఇంకో కుర్రాడు దొరికాడని, వాడు వాళ్లమ్మ ఇడ్లీ గిన్నెలో కాచి, వాళ్ల నాన్న లుంగీతో వడగట్టి తెచ్చాడని, రుచి బాగుందని చెప్పాడు. లుంగీతో వడగడితే సన్నపిండి దిగుతుంది కదా అన్నాను. దిగింది, అయినా బాగుంది అన్నాడు.

రెండో కాయిల్ కొనలేదు. రెండేళ్లు నాలుగయ్యాయి, ప్లాంటు నుంచి మస్కట్ ఆఫీసుకు మారాను, పెళ్లయింది, పాప పుట్టింది. అన్న జగిత్యాల వెళ్లి బోర్‌వెల్ మోటార్ల షాపు పెట్టుకున్నాడు; ఫోన్ చేస్తే ఇప్పటికీ మేకలు బాగున్నాయా అని అడుగుతాడు. పోయిన సెలవుల్లో స్నేహితుడి హాలుకు వెళ్లాను. శనివారం సాయంత్రం, కూర్చోవడానికి చోటు లేదు. లుంగీ కుర్రాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, నన్ను అద్దం లోపలికి తీసుకెళ్లి, అన్నా అన్నా అంటూ వాల్వులన్నీ చూపించాడు. నా స్నేహితుడు స్వయంగా గ్లాసు నింపి తెచ్చి, నేను తాగేదాకా నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు. బాగుందన్నాను. చాలా బాగుంది.

మా ఆఫీసులో కొత్తగా చేరిన హైదరాబాదు కుర్రాళ్లు, ఊళ్లో తమ ఇంటికి బీరు కాచే యంత్రం ఏదో తెప్పిస్తున్నామని మొన్న చెప్పుకుంటున్నారు. కాచేది, వడగట్టేది, చల్లార్చేది అన్నీ ఒకే నిలువు గిన్నెలో వస్తాయట, ఎన్ని డిగ్రీలు కావాలో ఫోన్లో చెబితే చాలట. భోజనం టైములో చూసి, టీ టైముకల్లా ఆర్డరు పెట్టేశారు. వాళ్లకు నేను ఏ సలహా ఇవ్వలేదు, వాళ్లూ అడగలేదు. మన రోజుల్లో ఒక వస్తువు ఎంచుకోవడమంటే దాని చుట్టూ నెలల తరబడి తిరగడం. ఆ తిరుగుడులో ఏదీ తేలకపోయినా, పని మొదలైపోయినట్టే ఉండేది, హైదరాబాదు హాలు పక్క గదిలోనే ఉన్నట్టు ఉండేది. ఇప్పుడు అన్నీ వెంటనే తేలిపోతాయి. నేనూ ఏ వస్తువైనా త్వరగానే కొంటున్నాను, సాయంత్రాలు మాత్రం ఇప్పటికీ కూర్చోలేను.

ఈ రోజు వరకు నేను కాచిన బీరు: సున్నా లీటర్లు.