పై అర తడవలేదు

వెంకన్న గారి గురించి మంచి చెప్పమంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పగలను. ఇది మాత్రం మంచి కాదు. ఇందులో నా వాటా కూడా ఉంది కాబట్టి దాచిపెట్టే హక్కు నాకు లేదు.

గోదావరి పాయకు కూతవేటు దూరంలో మా ఊరి కోర్టు. దాని గేటు పక్కన రేకుల షెడ్డులో నేను పద్దెనిమిదేళ్లుగా అర్జీలు టైపు చేస్తున్నాను. టైపిస్టు సత్యవాణి అంటే అందరికీ తెలుసు. లోపల రికార్డు రూములో వెంకన్న గారు అటెండరు. హత్యాయత్నాలు, దొమ్మీలు, దోపిడీలు, ఈ చుట్టుపక్కల ముప్పై ఏళ్లలో జరిగిన నేరాలన్నీ తీర్పులై ఆ గదిలో ఎర్రగుడ్డ కట్టల్లో ఉంటాయి. కేసు నంబరు చెబితే చాలు, లైటు కూడా వేయకుండా వెళ్లి కట్ట తెచ్చేవారు.

2022 జూలై వరదకు ఆ గదిలో నీళ్లు నడుం దాకా వచ్చాయి. మిగతా వాళ్లంతా ఇళ్లు సర్దుకుంటుంటే ఆయన మాత్రం తడిసిన కాగితాలు ఒక్కొక్కటే విడదీసి, వరండాలో తాళ్లు కట్టి, క్లిప్పులు పెట్టి నెల రోజులు ఆరబెట్టారు. ఆ క్లిప్పులు మా ఇంటివే. జడ్జి గారు పిలిచి శాలువా కప్పారు. అప్పట్నించి రికార్డుల విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో పల్లంరాజు వచ్చాడు. సముద్రం ఒడ్డున వేట మీద బతికే కుటుంబం. పంతొమ్మిదో ఏట వలల గొడవలో ఎవరికో తల పగిలితే, ఆ రోజు ఊళ్లోనే లేని ఇతని పేరు కూడా హత్యాయత్నం కేసులో రాశారు. 2014లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఇన్నేళ్లకు గల్ఫులో ఓడ మీద పని దొరికింది. పాస్‌పోర్టు కోసం పోలీసు విచారణ జరిగితే పాత కేసు బయటపడింది. స్టేషన్ పుస్తకంలో కేసు ఉంది గాని ఫలితం లేదు. కోర్టు వెబ్‌సైట్‌లో కేసు ముగిసిందని తప్ప తీర్పు లేదు. అతను దాచుకున్న నకలు ట్రంకు పెట్టెతో సహా అదే వరదకు పోయింది. మూడు వారాల్లో తీర్పు నకలు చూపించకపోతే పాస్‌పోర్టూ లేదు, ఓడా లేదు.

అర్జీ నేనే టైపు చేశాను. అది పట్టుకుని లోపలికి వెళ్లినవాడు పావుగంటలో తిరిగొచ్చాడు. వరదలో పోయిందని వెంకన్న గారు చెప్పారట. ఇంకోసారి అడిగి చూడమంటారా అని నా ముందు నిలబడ్డాడు. నేను టైపు మిషన్ మీంచి తల కూడా ఎత్తలేదు.

"వెంకన్న గారే లేదన్నారంటే లేనట్టేనయ్యా," అన్నాను.

పై అధికారికి రాసుకోవచ్చని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చేతిలో పని ఉంది, అంతే.

మొన్న జనవరిలో పాత రికార్డులన్నీ స్కాన్ చేయమని ఉత్తర్వు వచ్చింది. రిటైరవడానికి రెండు నెలలుండగా వెంకన్న గారు నిచ్చెన వేసుకుని పై అరలోని కట్టలు దించారు. ఆ సాయంత్రం నా షెడ్డులోకి వచ్చి బల్ల మీద ఒక చీటీ పెట్టారు. దాని మీద పల్లంరాజు పేరు, కేసు నంబరు ఉన్నాయి. కట్ట గుడ్డ రంగు కూడా వెలవలేదన్నారు.

పల్లంరాజు వచ్చిన రోజు ఆయనకు మోకాళ్లు సలుపుతున్నాయట. భోజనాల వేళట. వరదలో పోయిందంటే జనం మారుమాట లేకుండా వెళ్లిపోవడం అప్పటికే నాలుగైదుసార్లు చూశారట. నాకు ఒళ్లు మండిపోయింది. కేకలేశాను. కాసేపటికి నేను తల ఎత్తని సంగతి గుర్తొచ్చి, సిగ్గేసి ఊరుకున్నాను.

పాత అర్జీ మీదే నకలు తీయించారు. పోస్టులో పంపేస్తానంటే నేను ఒప్పుకోలేదు. అతను ఇప్పుడు భీమవరంలో ఉన్నాడని వాళ్ల ఊళ్లో కనుక్కుని, ఇద్దరం కలిసే వెళ్లాం.

పల్లంరాజు అక్కడ ఐసు ఫ్యాక్టరీలో రొయ్యల లారీలకు దిమ్మలు మోస్తున్నాడు. చేతులు తుడుచుకుని నకలు అందుకున్నాడు. నిర్దోషి అన్న మాట ఎక్కడుందో చూపించమంటే వేలు పెట్టి చూపించాను. దాన్నే చాలాసేపు చూశాడు. మాకు టీలు తెప్పించాడు.

"ఓడ ఎప్పుడో వెళ్లిపోయింది లెండి. అంత వరదలో దీన్ని బతికించారంటే మామూలు పని కాదండి. అప్పట్లో మీ ఊరొచ్చినప్పుడు, మీరు తాళ్లకి కాగితాలు ఆరేస్తుంటే నేను చూశానండి," అన్నాడు.

వెంకన్న గారు అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే బాగుండునని నాకు అనిపించింది కూడా. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"అది తడవలేదు బాబూ. పై అరలోనే ఉంది. నేను ఎక్కి చూళ్లేదు."

పక్కన మరలో ఐసు నలుగుతోంది. పల్లంరాజు నకలును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ నిచ్చెనకి ఎన్ని మెట్లండి?" అని అడిగాడు.

"ఏడు," అన్నారు వెంకన్న గారు.

అతను తలూపి లారీ దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి వెంకన్న గారు భోజనాల వేళ కూడా నిచ్చెన దిగలేదు. తను వరదలో పోయాయని చెప్పి పంపేసిన వాళ్ల పేర్లు గుర్తు తెచ్చుకుని వెతికారు. రిటైరయ్యేలోపు ఇంకో మూడు కట్టలు దొరికాయి. మూడూ పొడిగానే ఉన్నాయి.