లేక్ వ్యూ వెంచర్‌లో ఆషాఢ గాలి

కల్వకుర్తిలో మాకొక ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు మా ఆయన కెమెరా పడతారు, నేను డ్రోన్ ఎగరేస్తాను. ఈ పని పంపకంలో ఆదర్శమేమీ లేదు. డ్రోన్ కొన్న కొత్తలో దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని మా ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. ఆయన పుస్తకం జోలికి పోకుండా నేరుగా ఎగరేసి, మా డాబా మీది నీళ్ల ట్యాంకుకు కొట్టారు. రెక్కలు మార్పించాక రిమోట్ నా చేతికొచ్చింది. మళ్లీ పోలేదు.

ఈ సంగతి లోకానికి ఇంకా పూర్తిగా చేరలేదు. ఫంక్షన్లలో రిమోట్ నా చేతిలోనే ఉంటుంది, ప్రశ్నలు మాత్రం ఆయనకు వెళ్తాయి. "అన్నా, ఎంత పైకి పోతది?" "అన్నా, బ్యాటరీ ఎంతసేపు వస్తది?" ఆయన నా వైపు చూస్తారు. నేను జవాబు చెబుతాను. అడిగినవాళ్లు ఆయనకు థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు.

ఒక ఆషాఢంలో ఒక వెంచర్ యజమాని ఫోన్ చేశాడు. రాష్ట్రం వచ్చాక మా వైపు చెలకలు ఒక్కొక్కటే ప్లాట్లవుతున్నాయి. నిన్న ఆముదం వేసిన చోట ఇవాళ కమాను లేస్తుంది. ఈయన కమాను శ్రీశైలం రోడ్డు దిగి చాలాసేపు లోపలికి పోతే వస్తుంది. ఆషాఢంలో కొత్త పనులు మొదలుపెట్టరు కదా అని మా ఆయన అడిగితే, చీరలకు లేని పట్టింపు ప్లాట్లకెందుకన్నాడు. ఆషాఢం ఆఫర్ పెట్టాడట. హైదరాబాద్ నుంచి బస్సులో కస్టమర్లను తెస్తాడు, భోజనాలు పెడతాడు, వాళ్లు ప్లాట్ల మధ్య తిరుగుతుంటే మేం పైనుంచి తీయాలి.

పొద్దున ఆరింటికి తీద్దామని నేనన్నాను. ఆషాఢంలో మా వైపు గాలి పొద్దున కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఎండెక్కిన కొద్దీ దాన్ని ఎవరూ పట్టలేరు.

"ఆరింటికి ఉత్త ప్లాట్లే ఉంటయి వదినా, పబ్లిక్ ఉండరు. పబ్లిక్ లేంది నేనేం చూపియ్యాలె?" అన్నాడు.

నిజమే. పబ్లిక్ లేకపోతే చూపించడానికి అక్కడ ప్లాట్ల హద్దులకు పాతిన రాతి కడీలూ తుమ్మ చెట్లే ఉన్నాయి.

మేం వెళ్లేసరికి పదకొండు దాటింది. కమాను మీద ఫ్లెక్సీలో నీలిరంగు చెరువు, అందులో తెల్ల బాతులు. అసలు చెరువు వెంచర్‌కు ఆనుకుని ఉన్న కుంట. అందులో రెండు బర్రెలున్నాయి, పండుకోవడానికి నీళ్లు చాలక అవి నిలబడే ఉన్నాయి. పడమటి గాలికి ఫ్లెక్సీ ఒక మూల చినిగి టపటపా కొట్టుకుంటోంది. జెండాలన్నీ ఇస్త్రీ చేసినట్టు నిటారుగా తూర్పుకు చాచుకున్నాయి. టెంటు గుడ్డ ఉబ్బుతుంటే వంటవాళ్లిద్దరు గుంజలు పట్టుకుని నిలబడ్డారు.

అయినా పరీక్షించి చూద్దామని చాప పరిచి, డ్రోన్‌ను మనిషెత్తు లేపి ఒక నిమిషం అక్కడే ఆపాను. అది గాలి వైపు వంగిపోయి, నిలబడటానికే తన బలమంతా వాడుతోంది. రిమోట్‌కు తగిలించిన ఫోన్‌లో గాలి హెచ్చరిక ఎర్రగా వచ్చింది. దించేశాను.

"గాలి ఎక్కువుంది. నేల మీదనే గింతుంటే పైన ఇంకా ఎక్కువుంటది. సాయంత్రం జర తగ్గినంక ఎగరేస్త," అని యజమానితో అన్నాను.

ఆయన నా మాట మొత్తం విని మా ఆయన వైపు తిరిగాడు. "అన్నా, వదిన భయపడ్తున్నట్టుంది. నువ్వు ఎగరెయ్యరాదె?"

"నేను ఎగరేస్తే ట్యాంకుకు కొడ్త," అన్నారు మా ఆయన. ఆ మనిషిలో నాకు నచ్చే గుణం అదే.

"గాలి మనకు కొత్తనా? గింత గాలికి కాకులు ఎగుర్తలేవా?" అన్నాడు యజమాని. నేను కాకుల కోసం చూశాను. రెండు కాకులు కరెంటు స్తంభం మీద ముడుచుకుని కూర్చున్నాయి.

"వదినకు చాయ్ ఇయ్యుండ్రి," అని వంటవాళ్లకు చెప్పి, యజమాని తన బామ్మర్దిని పిలిచాడు. ముప్పై దాటిన మనిషి, నల్ల కళ్లద్దాలు, కారు డిక్కీలో సొంత డ్రోన్. కొని రెండు నెలలైందట. ఒకే పనిలో ఉన్నవాళ్లం కదా అని నేనే వెళ్లి చెప్పాను.

"తమ్మీ, ఎగరెయ్యొద్దనే నేను చెప్తున్న. ఎగరేస్తనంటే మాత్రం ముందుగాల గాలికి ఎదురుగ తీస్కపో. వాపస్ వచ్చేటప్పుడు గాలే తోల్కొస్తది. బ్యాటరీ సగం కాకముందే తిప్పు. మనుషుల నెత్తి మీదికి పోనియ్యకు."

"అక్కా, గిది సెన్సార్ల డ్రోన్. బటన్ ఒత్తితే దానంతట అదే ఇంటికొస్తది," అన్నాడు. కళ్లద్దాలు తీయలేదు.

డ్రోన్ లేచింది. కస్టమర్లు చప్పట్లు కొట్టారు. అతను దాన్ని గాలి వాలుకే తూర్పుకు వదిలాడు. అది రివ్వున పోయింది.

"జెట్టు లెక్క పోతాంది బావా!"

యజమాని మైకు అందుకుని, మన వెంచర్‌లో టెక్నాలజీ ఎట్లుందో చూడండని మొదలుపెట్టాడు. రెండు మూడు నిమిషాలు బామ్మర్ది రిమోట్ తెర మీద చేలన్నీ చకచకా వెనక్కి జరిగాయి. తర్వాత అతను డ్రోన్‌ను వెనక్కి తిప్పాడు. తెర మీద ఒక వేపచెట్టు కనిపించింది. కాసేపయ్యాక చూసినా అదే వేపచెట్టు ఉంది. అతను రిమోట్ మీది పుల్లను వేలితో చివరిదాకా నెట్టాడు. చెట్టు కదల్లేదు. అప్పుడు ఆ బటన్ ఒత్తాడు.

బటన్ ఒత్తితే డ్రోన్ ముందు బాగా పైకి లేచి తర్వాత బయల్దేరుతుంది. దారిలో చెట్లూ స్తంభాలూ తగలకుండా అలా పెట్టారు. పైన గాలి ఇంకా ఎక్కువ. పైకి లేచిన డ్రోన్ మా వైపే ముఖం పెట్టుకుని వెనక్కి వెనక్కి పోసాగింది.

"బావా, ఇంటికొస్తలేదు."

"మరి ఎవలింటికి పోతాంది?" మైకులోనే అడిగాడు యజమాని. అది అందరికీ వినిపించింది.

బామ్మర్ది కళ్లద్దాలు తీసేసి రిమోట్‌ను మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు. ఇంటికి రమ్మన్న ఆజ్ఞ రద్దు చేసి, ముందు ఎత్తు తగ్గించాను. కిందికి వచ్చిన కొద్దీ గాలి పట్టు కొంచెం సడలింది. డ్రోన్ మెల్లగా పాకినట్టు ముందుకొచ్చింది. కానీ బ్యాటరీ అయిపోవస్తోంది. దాన్ని మేం నిలబడ్డ చోటి దాకా తేవడం అయ్యే పని కాదు. ఎవరి తలా పగలకుండా దించడం అయ్యే పని. వెంచర్ తూర్పు హద్దుకు అవతల మనుషుల్లేని ఒక పత్తి చేను చూసి, మొలకల సాళ్ల మధ్య దించాను.

దాన్ని తేవడానికి యజమాని, బామ్మర్ది, మేమిద్దరం బయల్దేరాం. భోజనాలు ఇంకా వడ్డించలేదు కాబట్టి కస్టమర్లు కూడా వెంట వచ్చారు. చేనులో ఒక రైతూ ఆయన భార్యా నిలబడి ఉన్నారు. డ్రోన్ కనపడలేదు. వాళ్ల కాళ్ల దగ్గర ఒక గంప బోర్లించి ఉంది, దాని మీద బండరాయి.

"మళ్ల ఎగిరిపోతదని కమ్మినం," అందామె.

"ఎవల్ది గీ గాలిమోటరు?" అడిగాడు రైతు.

"మాదే పెద్దాయనా, ఇటియ్యి," అన్నాడు యజమాని.

"మీదైతే మీ జాగల దిగాలె గదా?"

"గాలికి కొట్టుకొచ్చింది."

"మరి నీ కడీలు గూడ గాలికే కొట్టుకొచ్చినయా?"

రైతు చూపించిన వైపు అందరం చూశాం. వెంచర్ రంగు వేసిన మూడు కడీలు ఆయన గెట్టు దాటి, పత్తి సాళ్లలో పాతి ఉన్నాయి. కస్టమర్లలో ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి బ్రోచర్ తీసి విప్పింది. "ఇక్కడ పిల్లల పార్కు అని ఉంది కదా?" అని అమాయకంగానే అడిగింది.

"గిది నా పత్తి చేను అమ్మా. పార్కు సంగతి నాకెవలు చెప్పలే," అన్నాడు రైతు.

తర్వాత ప్రశ్నలు ఆగలేదు. చెరువెవరిది? కుంట ఊరిది. మెయిన్ రోడ్డు ఎంత దూరం? యజమాని సర్వేయర్ వచ్చాక మాట్లాడదామన్నాడు. రైతు గంప పక్కన తీరిగ్గా కూర్చుని, సర్వేయర్ వచ్చాకే గంప తీస్తానన్నాడు. చివరికి రైతు భార్య తమ కొట్టంలోంచి గడ్డపార తెచ్చి బామ్మర్దికిచ్చింది. అతను మూడు కడీలూ పెకిలించాడు. మూడో దానికి మా ఆయన ఒక చేయి వేశారు, జాలిపడి. అప్పుడు రైతు గంప తీశాడు.

కస్టమర్లు భోజనం మానలేదు. తిని, చేతులు కడుక్కుని, ఒక్క ప్లాటు గురించి కూడా మాట్లాడకుండా బస్సెక్కారు. యజమాని ముఖం గంటు పెట్టుకునే ఉన్నా మర్యాద మరవలేదు. మా ఆయన చేయి పట్టుకుని ఊపాడు.

"ఏదేమైనా అన్నా, మంచిగ దించినవ్."

మా ఆయన నోరు తెరిచేలోపే ఆయన కారెక్కి పోయాడు. నాకు గాలి మీదా కోపం రాలేదు, బామ్మర్ది మీదా రాలేదు. ఆ ఒక్క మాటకు మాత్రం చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మేం సామాను సర్దుకుంటుంటే రైతు భార్య వచ్చింది. "బిడ్డా, నీ మోటరుల మా చేను కనవడ్తదా? మమ్ములనెవలు పైకెల్లి తియ్యలే," అని నన్నే అడిగింది. గాలి తగ్గేదాకా ఆగితే చూపిస్తానన్నాను. వెళ్లి వాళ్ల చేను గట్టు మీది వేపచెట్టు కింద కూర్చున్నాం. పొద్దు వాలేవేళకు ఆకుల చప్పుడు తగ్గింది. చాప పరిచి, డ్రోన్‌ను ముందు పడమటికి, గాలికి ఎదురుగా పంపి, తక్కువ ఎత్తులో చేను చుట్టూ ఒక్కసారి తిప్పి తెచ్చాను. ఆమె ఫోన్ తెర మీదికి వంగి, పత్తి సాళ్లను దాటేసి, తమ రేకుల కొట్టం దగ్గర వేలు పెట్టింది.

"ఓయ్, జర ఇటు రా. గా మూలకు రేకు లేసింది సూడు. నేను కురుస్తాందంటే నువ్వు ఇననే ఇనకపోతివి."

రైతు వచ్చి తెరను చాలాసేపు చూశాడు. మేం బండి స్టార్ట్ చేసేసరికి ఆయన నిచ్చెన ఎక్కి రేకుకు మేకు కొడుతున్నాడు.