ఎద్దు చెవికి బిళ్ల, నాన్న పొట్టకి కుట్లు

మా ఇంట్లో ఆరోగ్య బీమా ఎంచుకున్న రోజున ముగ్గురికి దెబ్బలు తగిలాయి. ఒక్క దెబ్బా బీమా కిందికి రాలేదు.

దీనికి మూలం మా ఎద్దు. అంతకుముందు వరికోతలప్పుడు, బండికి కడుతుండగా తల విసిరి నాన్న పొట్టలో కొమ్ము దించింది. పైకెత్తి, ఒక ఊపు ఊపి, గట్టు మీద పారేసింది. నెత్తురు కారుతున్న పొట్టకి తువ్వాలు బిగించుకుని, నాన్న ముందు ఎద్దుని కట్టేశాడు, ఆ తర్వాతే స్పృహ తప్పాడు. మా ఇంట్లో పని మధ్యలో వదిలే అలవాటు లేదు.

శ్రీకాకుళంలో కుట్లు వేసి పంపారు. కొన్నాళ్లకి ఆ కుట్ల కింద కండ విడిపోయింది. బరువెత్తితే చాలు, పేగు చర్మం కింద బంతిలా ఉబికేది. మళ్లీ ఆపరేషన్ చేయకపోతే ఏదో ఒక రోజు పేగు మెలిపడి ప్రాణం పోతుందని డాక్టరు చెప్పాడు. ఎద్దుకి బీమా ఉంది, చెవికి పసుప్పచ్చ బిళ్ల సాక్షి. నాన్న చెవికి చిల్లు మాత్రమే ఉంది.

ఆపరేషన్ బీమాలో అయిపోతుందని అమ్మ ఏజెంటుని పిలిపించింది. పక్క ఊరివాడు. బేరం తెలిసినవాడని చిన్నాన్ననీ రమ్మంది. ఆయన సంతల్లో పశువుల దళారి. వాళ్లు ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. చిన్నాన్న ఏజెంటు చేతి మీద తువ్వాలు కప్పి వేళ్లు పట్టుకున్నాడు. ఏజెంటు సిగ్గుపడి లాక్కున్నాడు.

"ఇక్కడ బేరాలుండవు మావయ్యా. పాత జబ్బులేటైనా ఉన్నాయా?" అని నాన్నని అడిగాడు.

సంతలో కొనేవాడు అడిగేదీ ఇదే. దానికి జవాబు మా ఇంట్లో అందరికీ పుట్టుకతోనే వచ్చు.

"లోపం సెప్పకు అన్నియ్యా, రేటు పడిపోతాది," చిన్నాన్న గొణిగాడు.

"నాకేటి రోగం," అన్నాడు నాన్న. అది చాలదన్నట్టు అరుగు మీది ధాన్యం బస్తా భుజానికెత్తాడు.

అమ్మ వచ్చి ఆయన చొక్కా పైకి లాగింది. బంతి కనిపించింది.

"ఇదేటి మరి? సెప్పు ఆ బాబుకి."

బస్తా చిన్నాన్న పాదం మీద పడింది. నాన్న అమ్మ మీదికి చెంబు విసిరాడు. అది వెళ్లి చిన్నాన్న నుదుటిని చీల్చింది. నాన్న గురి ఎప్పుడూ అంతే. నెత్తురు కళ్లలోకి కారుతుంటే చిన్నాన్న నాన్న గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ వాకిట్లో పడి దొర్లారు.

"పొట్ట మీద కొట్టకురా," అని అమ్మ కేక వేసింది.

చిన్నాన్న మాట వినే మనిషే. పొట్ట వదిలేసి ముక్కు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. విడదీయబోయాను. ఎవరి మోచెయ్యో తెలీదు, నా ముందుపన్ను నోట్లో రాయిలా దొరికింది. ఎద్దు నెమరు వేస్తూ అంతా చూసింది.

వాళ్లిద్దరూ అలిసిపోయాక ఏజెంటు అరుగు దిగాడు.

"సెప్తే పాత జబ్బుకి కొన్నేళ్లు ఆగాలి మావయ్యా. దాస్తే దానికి డబ్బు ఎప్పటికీ రాదు, పాలసీ కూడా పోతాది."

"అయితే ఎలా సేసినా ఈ ఆపరేషనుకి రాదు కదేటి?" నాన్న అడిగాడు.

"రాదు."

"ఆ ముక్క ముందే సెప్తే ఇంత పని లేకపోను," అన్నాడు నాన్న ముక్కు పట్టుకుని.

అమ్మ తేల్చేసింది. "ఉన్నదున్నట్టు రాయి బాబూ. రేపటి దెబ్బలకైనా పనికొస్తాది. ఇప్పటి పొట్టకి ఆ ఎద్దే ఇచ్చుకుంటాది. సంతకి తోలండి."

సంతలో చిన్నాన్న నుదుటికి కట్టుతోనే కొనేవాడి చేతి మీద తువ్వాలు కప్పాడు. బేరం బాగానే నడుస్తున్నట్టు ఆయన మొహం చెబుతోంది.

"లోపమేటైనా ఉన్నాదా?" కొనేవాడు అడిగాడు.

"పిల్లలు తోక లాగినా కదల్దు," అన్నాడు చిన్నాన్న.

నాన్న చొక్కా ఎత్తాడు. "పొడుస్తాది బావా. ఇదిగో."

కొనేవాడు పొట్ట చూశాడు, చిన్నాన్న నుదురు చూశాడు, నా పన్నూడిన సందు చూశాడు.

"ఇవన్నీ దీని పనేనేటి?"

"కాదు. ఇవి మా ఇన్సూరెన్సు," అన్నాను.

తువ్వాలు కింద వేళ్లు కదిలాయి. చిన్నాన్న మొహం వాడిపోయింది. అయినా ఆ ధర ఆపరేషనుకి సరిపోయింది. కొన్నవాడు తాడు పొడుగ్గా వదిలి, కొమ్ములకి ఎదురుపడకుండా పక్కనుంచి తోలుకెళ్లాడు. అంతవరకూ చూసి, నాన్న చొక్కా దించాడు.